గుక్క తిప్పుకున్న గట్టిమేళం

"ఆ రోజుల్లో" అని మొదలుపెట్టే హక్కు రావాలంటే మనిషికి కనీసం మోకాళ్ళ నొప్పులైనా ఉండాలని మా అక్క అభిప్రాయం. నాకింకా ముప్ఫై నిండలేదు. అయినా ఆ రోజుల్లో అనే అంటాను. ఎందుకంటే ఆ రోజుల్లో నాకు నిండా జుట్టుండేది, రెండు ఉద్యోగాలుండేవి, రెండింటిలోనూ నేను చేసే పనేమిటో నాకు సరిగ్గా తెలిసేది కాదు. మామూలు రోజుల్లో విశాఖ పోర్టు దగ్గర ఒక షిప్పింగ్ ఏజెంటు ఆఫీసులో కూర్చుని, నేనెప్పుడూ ఎక్కని ఓడల పేర్లూ, నేనెప్పుడూ చూడని బొగ్గు బరువులూ కంప్యూటర్లో కొట్టేవాణ్ణి. ముహూర్తాలున్న రోజుల్లో సెలవు పెట్టి మా బావ మేళంలో కీబోర్డు వాయించేవాణ్ణి. సెలవు అడిగిన ప్రతిసారీ "దగ్గరి బంధువుల పెళ్ళండీ" అనే చెప్పేవాణ్ణి. ఒక మాఘమాసంలో మా మేనేజరు కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, "ఏమయ్యా, ఈ జిల్లాలో నీకు బంధువులు కానివాళ్ళు ఎవరైనా మిగిలారా?" అని అడిగారు. (నేను చెప్పింది మరీ అబద్ధమేం కాదు. తాళి కట్టే వేళకి పెళ్ళికొడుక్కి మా అంత దగ్గరలో ఉండేది పురోహితుడొక్కడే.)

మేళమంటే పెద్ద గుంపేం కాదు, ముగ్గురమే. మా అక్క మొగుడు సాక్సోఫోను, వాళ్ళ నాన్న డోలు, నేను కీబోర్డు. వాళ్ళది సబ్బవరం అవతల ఒక పల్లె, తాతల నాటినుంచీ సన్నాయి వాయించిన ఇల్లు. పెళ్ళివాళ్ళు "సాక్సోఫోనుందా?" అని అడగడం మొదలుపెట్టాక మా బావ సన్నాయిని గుడ్డలో చుట్టి అటక మీద పెట్టి, ఎవరో వాడి వదిలేసిన సాక్సోఫోను కొనుక్కున్నాడు. ఆ తర్వాత "కీబోర్డుందా?" అని అడగడం మొదలుపెట్టారు. బయటివాణ్ణి పెట్టుకోవడం ఎందుకని నన్ను పెట్టుకున్నారు. (చిన్నప్పుడు మా నాన్న నన్ను కీబోర్డు క్లాసుకి పంపింది సాయంత్రాలు ఇంట్లో కాస్త ప్రశాంతంగా ఉంటుందని. దాన్ని అందరూ విద్య అనుకున్నారు. నేనూ కాదనలేదు.)

బావ వాళ్ళ నాన్నని నేను మావయ్యా అని పిలుస్తాను. మాటలన్నీ డోలు కోసం దాచుకున్నట్టుండే మనిషి. ఆయనకున్నది ఒకటే సిద్ధాంతం: గట్టిమేళంలో గుక్క తిప్పుకోకూడదు. పురోహితుడు చెయ్యెత్తి "గట్టిమేళం, గట్టిమేళం" అన్న దగ్గర్నుంచి మూడు ముళ్ళూ పడేదాకా చెవులు దిమ్మెక్కేలా వాయించాల్సిందే. ఆ క్షణంలో ఎవరైనా తుమ్మినా, గంగాళం దొర్లినా, వంటాయన ఎవణ్ణో తల్లీతండ్రీ కలిపి తిట్టినా అది పెళ్ళికూతురి చెవిన పడకూడదు. "మేళవంటే గోడరా. గోడకి బీటిచ్చేవనుకో, అశుభం దూరిపోద్ది" అనేవారు. సంవత్సరమంతా కలిపి ఆయన నాతో మాట్లాడే మాటల్లో సగం ఇవే.

గోడ కట్టడం డోలుకీ కీబోర్డుకీ పెద్ద కష్టం కాదు. చేతులు నొప్పెడతాయి, అంతే. సాక్సోఫోను అలా కాదు, దానికి మనిషి ఊపిరి పొయ్యాలి. మా బావ మిగిలిన రోజుల్లో ఆటోనగర్లో ఒక వర్క్‌షాపులో ఇనుము గ్రైండింగు పట్టేవాడు. అక్కడ పీల్చిన దుమ్మంతా లోపల ఎక్కడో స్థలం కొనుక్కుని ఇల్లు కట్టుకున్నట్టుంది, ఆ వేసవి పెళ్ళిళ్ళలో తేడా తెలిసిపోయింది. గట్టిమేళం మొదట్లో మొహం టమాటా రంగులో ఉండేది, రెండో ముడికి వంకాయ రంగుకి తిరిగేది. మూడో ముడి పడగానే వాద్యం నా ఒళ్ళో పడేసి, ఏదో పనున్నట్టు మండపం వెనక్కి వెళ్ళిపోయేవాడు. వెళ్ళి చూస్తే గోడకి చెయ్యానించి, పాత స్కూటరు స్టార్టవనట్టు దగ్గుతుండేవాడు.

"నానకి సెప్పకు" అన్నాడు మొదటిసారి పట్టుబడినప్పుడు. నేను చెప్పలేదు. అక్కకి చెప్పాను. (నాన్నకి చెప్పొద్దన్నాడు కానీ అక్క ఊసెత్తలేదు.) అక్క మర్నాడే మా ఇద్దర్నీ వెంటేసుకుని సీతమ్మధారలో ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. ఆవిడ ఒక గొట్టం ఇచ్చి ఊదమన్నారు. మా బావ గొట్టాన్ని అటూ ఇటూ తిప్పి, వేళ్ళు పెట్టడానికి రంధ్రాలు లేవేమిటా అని చూశాడు. తర్వాత పెళ్ళికొడుకు వాళ్ళు దిగినప్పుడు ఊదినట్టు ఊదాడు. మిషను మీద గీత పైకి లేచి, కాసేపు ఆలోచించి, కూలబడింది. వెనకాలే దగ్గు.

"దుమ్ము వల్ల వచ్చిందిది. మాస్కు లేకుండా గ్రైండింగు దగ్గరికి వెళ్ళకండి. ఈ మందు పీల్చండి. సాక్సోఫోను మానేస్తే మంచిది. మానలేనంటారా, మధ్యమధ్యలో ఆగి, స్థిమితంగా ఊపిరి తీసుకుని వాయించండి. ఆపకుండా ఊదడం మాత్రం కుదరదు" అన్నారావిడ.

"గట్టిమేళంలో ఆగడవేటి మేడం? తాళి సగం కట్టీసి, టీ తాగొత్తానుండు అన్నట్టుంటాది" అన్నాడు బావ.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో అక్క మందుల చీటీ చదువుకుంటూ కూర్చుంది. సీతమ్మధార దాటాక బావ అన్నాడు: "నానకి తెలిసిందంటే ఇది నా సేతిలో ఉంచడ్రా బామ్మర్దీ. అనకాపల్లి నించి ఇంకో ఆర్టిస్టుని తెచ్చీసి, నన్ను స్పీకర్లు మొయ్యమంటాడు."

"స్పీకర్లు మొయ్యడానికి కూడా ఊపిరి కావాలి బావా. కుర్చీలు తుడిచే పని చూద్దాం" అన్నాను.

అక్క నా వీపు మీద ఒక్కటిచ్చింది. ఇచ్చి, అవతలికి తిరిగి కళ్ళు తుడుచుకుంది. అప్పుడర్థమైంది నాకు. వర్క్‌షాపులో మా బావని ఎవరూ పేరుతో పిలవరు. "ఒరే గ్రైండరూ" అంటారు. పెళ్ళిపందిట్లో మాత్రం ఎంత పెద్దవాళ్ళైనా వచ్చి "సాక్సోఫోను గారూ, టిఫిన్ చేశారా?" అని అడుగుతారు. మనిషి నెలంతా ఆ గారు తలుచుకుని బతుకుతాడు. అది ఊడిపోతే మిగిలేది గ్రైండరు.

మా బావ పనిచేసే వర్క్‌షాపు పక్కన, విప్పేసిన ఓడల్లోంచి దింపిన సామాను అమ్మే షెడ్డొకటుంది. లైఫ్ జాకెట్లు, ఇత్తడి లాంతర్లు, ఏ దేశానివో తెలీని ఫోర్కులు. డాక్టరు దగ్గరికెళ్ళొచ్చిన కొన్నాళ్ళకి అక్కణ్ణించి బావ ఒక పాత గ్రామఫోను రికార్డు పట్టుకొచ్చాడు. అట్ట మీద నలుపూ నీలం బొమ్మ. టోపీ పెట్టుకున్న ఒకాయన పియానో ముందు కూర్చుని ఎటో చూస్తున్నాడు. పక్కన ఇంకొకాయన సాక్సోఫోను నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. పొలం గట్టు దగ్గర మాటామాటా అనుకుని, ఫోటో కోసం పక్కపక్కన నిలబడ్డ అన్నదమ్ముల్లా ఉన్నారు. పేర్లున్న చోట సముద్రం నీళ్ళు పడి అట్ట ఉబ్బిపోయింది. "జాజ్" అన్న మాటొక్కటి మిగిలింది.

"ఎందుకు బావా ఇది? మనకి మిషను కూడా లేదు కదా" అన్నాను.

"సాక్సోఫోను బొమ్మున్నాది కదరా. ఆ షెడ్డులో అలగ పడుంటే మనసొప్పలేదు."

దాన్ని అక్కా బావా నేనూ ఉండే గాజువాక ఇంట్లో, హాల్లో మేకుకి తగిలించాడు. మావయ్య ఊరినుంచి వచ్చినప్పుడు దానికేసి కాసేపు చూసి, ఎవరో పెద్ద విద్వాంసులనుకుని, దేవుడి గదిలోంచి కుంకం తెచ్చి ఇద్దరికీ బొట్లు పెట్టారు. టోపీ ఆయనకి టోపీ మీదే పెట్టాల్సొచ్చింది. అలా ఆ జాజ్ విద్వాంసులు గాజువాకలో రెండు నెలలపాటు అగరొత్తుల పొగ పీలుస్తూ మౌనంగా ఉండిపోయారు.

వాళ్ళ మౌనం బీచి రోడ్డులో ముగిసింది. అక్కడొక కాఫీ షాపులో రికార్డులు తిరిగే మిషనొకటి పెట్టి ఉండటం ఆఫీసువాళ్ళతో వెళ్ళినప్పుడు చూశాను. ఒక ఆదివారం మధ్యాహ్నం బావని తీసుకెళ్ళాను. కౌంటర్లో అమ్మాయి, "అది డెకరేషన్ సర్" అంది. "డెకరేషన్‌కి ప్లగ్గెందుకండీ?" అన్నాను. ఆ అమ్మాయి నవ్వేసి, అట్ట అందుకుని, బొట్ల కేసి వింతగా చూసి (ఆచారం అనుకుందేమో, ఏమీ అడగలేదు) రికార్డు పెట్టింది.

ముందు చిటపటలు వినిపించాయి. "నూని బాగానే కాగినాది" అన్నాడు బావ. తర్వాత పియానో మొదలైంది. చీకట్లో ఇంకో మెట్టుందనుకుని లేని మెట్టు మీద కాలేస్తామే, అలా ఉంది ఆ వాయింపు. పడిపోతాడనుకున్న ప్రతిసారీ టోపీ ఆయన నిలబడిపోతున్నాడు.

"ఇదేట్రా, తప్పులు నొక్కేత్తన్నాడు?"

"తప్పైతే ఇంత ధైర్యంగా నొక్కరు బావా. నాకు అనుభవం ఉంది."

ఇంతలో సాక్సోఫోను వచ్చింది. ఆ కళ్ళు మూసుకున్నాయన కళ్ళు ఎందుకు మూసుకున్నాడో వింటే తెలిసింది. ఎక్కాల్సిన బస్సు కదిలిపోతుంటే పరిగెత్తే మనిషిలా స్వరాల మీద స్వరాలు కుమ్మరించుకుంటూ వెళ్ళాడు. వెళ్ళి వెళ్ళి, ఒకచోట ఆగాడు. ఆ ఖాళీలో పియానో రెండు మాటలు మెల్లిగా అంది. మళ్ళీ ఆయన అందుకున్నాడు. మా బావ ముందుకి వంగిపోయాడు. కాఫీ మీద మీగడ కట్టింది.

"ఇన్నావా?" అన్నాడు రహస్యంగా.

"ఏంటి?"

"పీల్సుకున్నాడ్రా. గుక్క తిప్పుకున్నాడు. దొంగసాటుగా కాదు, అందరికీ ఇనపడేలాగ తీసుకున్నాడు. టోపీ ఆయన సూడు, కోప్పళ్ళేదు. 'నీ పని నువ్వు కానీ, నానున్నాను కదా' అన్నట్టు నొక్కినాడు."

ఆ పాట చివర్లో ఒకచోట ఇద్దరూ ఒకేసారి ఆగిపోయారు. చిటపటలు తప్ప ఏమీ లేదు. బావ సగం లేచి, "కరెంటు పోనాదేటి?" అన్నాడు. మరుక్షణం ఇద్దరూ కలిసి ఒక్కసారిగా వచ్చిపడ్డారు, ఎక్కడికీ వెళ్ళనట్టే. మా బావ కూర్చుని మొహం తుడుచుకున్నాడు. నేను కాఫీ చేదుగా ఉందేమోనన్నాను. ఆయన కాదనలేదు. చేదు సంగతి వదిలేస్తే, ఆ మధ్యాహ్నం మేం అదే పాట కౌంటర్లో అమ్మాయి ఓర్పు హరించుకుపోయేదాకా పెట్టించుకున్నాం.

మర్నాటి నుంచి మా డాబా మీద సాధన. బావ కనిపెట్టిన పద్ధతి ఇది: గట్టిమేళంలో ఊపిరి అయిపోగానే ఎడమ కనుబొమ ఎత్తుతాడు. ఎత్తగానే సాక్సోఫోను గొంతు పెట్టి ఉంచిన కీబోర్డుతో నేను అందుకోవాలి. ఆయన గుక్క తిప్పుకుని మళ్ళీ వచ్చాక నేను తగ్గాలి. గోడకి బీట పడినట్టు మావయ్యకి తెలియకూడదు. పరీక్షాధికారి మా అక్క. మాకు వీపు పెట్టి కూర్చుని చింతపండులో గింజలు తీస్తూ, "ఇక్కడ ఆగారు" అని పట్టుకునేది. పట్టుకున్న రోజు మా ఇద్దరికీ చట్నీ లేని ఇడ్లీ. మెల్లిగా చట్నీ కనబడసాగింది. ఆరేసిన బట్టల మీద పడ్డ నల్లటి దుమ్ము దులుపుకుంటూ పక్క డాబావాళ్ళు కూడా వినేవారు, తప్పనిసరి కాబట్టి.

అంతటితో ఆగి ఉంటే ఈ కథే లేదు. రికార్డులో ఇద్దరూ ఆగిన చోటంటే మాకిద్దరికీ పిచ్చి పట్టింది. సాధన అయిపోయాక సరదాకి దాన్ని కూడా వాయించేవాళ్ళం. దానికి గుర్తు రెండు కనుబొమలూ ఎత్తడం. ఎత్తగానే ఇద్దరం టక్కున ఆగాలి, ఒకరి మొహం ఒకరు చూసుకోవాలి, కలిసి మొదలుపెట్టాలి. ఎన్నిసార్లు చేశామంటే, ఆఫీసులో మేనేజరు రెండు కనుబొమలూ ఎత్తినా నా వేళ్ళు టైపు చెయ్యడం ఆపేసేవి.

సబ్బవరంలో ఒక పెద్ద కాంట్రాక్టరు గారమ్మాయి పెళ్ళి. పగటి ముహూర్తం. కొత్త కల్యాణ మండపం, దాని నిండా జనం. ముందు వరసలో పెళ్ళికొడుకు పెదనాన్న గారు నస్యం డబ్బీతో కూర్చున్నారు. పురోహితుడు గారు మైకు పెట్టించుకుని మంత్రాలు చదువుతున్నారు. ఆ మైకు వధూవరుల ముందరే స్టాండు మీద ఉంది. మేం వేదిక పక్కన. మావయ్య డోలు మీద కర్ర సిద్ధంగా పెట్టుకున్నారు. బావ చాటుగా మందు పీల్చుకుని వచ్చాడు. "భయవేత్తందిరా" అన్నాడు. "నాక్కూడా. కానీ నాకు జీతం తక్కువ కాబట్టి తక్కువ భయపడతాను" అన్నాను.

పురోహితుడు చెయ్యెత్తారు. మోగించాం. మొదటి ముడి దగ్గర బావ ఎడమ కనుబొమ లేచింది, నేను అందుకున్నాను, ఆయన గుక్క తిప్పుకున్నాడు, మళ్ళీ వచ్చాడు. మావయ్య తల కూడా తిప్పలేదు. మా అక్క వినుంటే ఆ రోజు మాకు నెయ్యి కూడా పడేది. రెండో ముడి. జనం నాలుగు వైపులనించీ అక్షింతలు విసురుతున్నారు. ఉత్తరాంధ్ర పెళ్ళిళ్ళలో అక్షింతలు ఆశీర్వదించినట్టు వెయ్యరు, బాకీ తీర్చినట్టు విసురుతారు. అందులో ఒక గింజ గురి తప్పి నేరుగా మా బావ ఎడమ కంట్లో పడింది. ఆయన రెండు కనుబొమలూ ఒక్కసారి పైకి లేచాయి.

నేను టక్కున ఆపేశాను. గింజ పడ్డ మంటకి ఆయన నోరు కూడా వాద్యం మీంచి జారింది. జీవితంలో మొదటిసారి గట్టిమేళం ఆగడం విన్న మావయ్య కర్ర గాల్లోనే ఉండిపోయింది. అంత పెద్ద మండపంలో, తాళి సగం కట్టి ఉండగా, చీమ చిటుక్కుమనడం లేదు. అది ఎంతసేపో చెప్పలేను. ఆ కాస్తలో నేను రెండు ఉద్యోగాలూ మానేసి ఊరొదిలి వెళ్ళిపోయాను, మనసులో.

ముందు వరసలో పెదనాన్న గారు నోరు తెరిచారు. కళ్ళు మూశారు. ముక్కు పైకెత్తారు. మండపమంతా అటు తిరిగింది. వాళ్ళావిడ అరచేత్తో ఆయన ముక్కూ నోరూ కలిపి మూసేసింది. అందరం ఊపిరి బిగబట్టి అటే చూస్తుండగా, పురోహితుడి మైకులోంచి ఒక చిన్న గొంతు హాలంతా వినిపించింది. తలొంచుకుని కూర్చున్న పెళ్ళికూతురి గొంతు.

"సేతులలగ వణికిపోతన్నాయేటండీ? నెమ్మదిగా కట్టండి. నానెక్కడికీ పోను."

"భయం కాదు. ముడి జారిపోతంది" అంది పెళ్ళికొడుకు గొంతు, అంతకన్నా చిన్నగా.

ముందు ఆడవాళ్ళ వైపునుంచి నవ్వు మొదలైంది. అది వరసలు దాటుకుంటూ వచ్చేలోపు మావయ్య కర్ర దిగింది. ఆ దెబ్బకి నేనూ బావా ఒక్కసారిగా వచ్చిపడ్డాం, ఎక్కడికీ వెళ్ళనట్టే. మూడో ముడి పడింది. (పెదనాన్న గారు అప్పుడు తుమ్మారు. భుజాలు ఎగరడం చూసి తెలుసుకున్నాను. చప్పుడు మాత్రం ఎవరికీ వినబడలేదు.)

"మేళం ఆగిపోనాదేటమ్మా, ఇదేం శకునం?" అని పెళ్ళికొడుకు వైపు ఒకావిడ లేవబోయింది. పురోహితుడు మైకులోనే సమాధానం చెప్పారు: "ఎవరూ తుమ్మలేదు కదమ్మా. పైగా పెళ్ళికూతురు ఎక్కడికీ పోనని చెప్పింది. ఇంతకంటే మంచి శకునం నా పంచాంగంలో లేదు." కాంట్రాక్టరు గారు కండువాతో కళ్ళొత్తుకుంటున్నారు. అక్కడిదాకా గండం గడిచింది. మిగిలింది మావయ్య.

భోజనాల వేళకి బావ మండపం వెనక నీళ్ళ ట్యాంకు పక్కన కూర్చుని మందు పీల్చుకుంటున్నాడు. నేను పక్కన నిలబడి ఉన్నాను. మావయ్య డోలు భుజానేసుకుని నేరుగా మా దగ్గరికే వచ్చారు. బావ చేతిలోది దాచుకునే వ్యవధి లేదు.

"ఎన్నాళ్ళనించి?" అన్నారు.

బావ మందు గొట్టానికి మూత పెట్టాడు. ఆయన బదులు నేనే, "అది మందు మావయ్యా, సెంటేం కాదు" అన్నాను.

"నీకు ఇందాకటి సాలదేట్రా?" అన్నారు నాకేసి చూడకుండానే. నేను ట్యాంకు మీద రాసి ఉన్న కంపెనీ పేరు చదువుకోసాగాను.

బావ అంతా చెప్పేశాడు. గ్రైండింగు, డాక్టరమ్మ, రికార్డు, కనుబొమలు, అక్షింత గింజ. చెప్పి చెప్పి, చివరికి మెడలోంచి సాక్సోఫోను పట్టీ తీసి ముందుకి చాపాడు. "అనకాపల్లాయన్ని పిలిపించీ నానా. ఇంక నా వల్ల అవదు." ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతులో దగ్గు లేదు. ఉంటే బాగుండును అనిపించింది.

మావయ్య పట్టీ అందుకోలేదు. డోలు దింపి దానిమీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నారు. అత్తయ్య, అంటే బావ వాళ్ళమ్మ, పోయి అప్పటికి ఏడాది కాలేదు. ఆవిడ పోయాక ఆయన ఉన్న మాటలు కూడా తగ్గించేశారు. అందుకని ఆ తర్వాత ఆయన మాట్లాడినంతసేపూ మేమిద్దరం కదల్లేదు.

"నా పెళ్ళికి మా నానే సన్నాయి. ఆయన గుక్క తిప్పుకోడం నానెప్పుడూ ఇన్నేదు. తాళి కడతంటే మీ యమ్మ ఏదో అన్నాది. పెదాలు కదిలినాయి, సూసినాను. ఆ హోరులో ఏటినపడతాది? తరవాత ఎన్నిసార్లడిగినానో. 'ఏటీ నేదు, ఊరుకోండి' అనీది. ఆస్పత్రిలో కూడా అడిగినాను. నవ్వీసింది." డోలు తాడు సర్దుకున్నారు. "ఇన్నేళ్ళు గోడ కట్టినాను. ఇలగ దాని కింద పడి ఏటేటి పోనాయో."

భోజనాల దగ్గర్నుంచి "పప్పు, పప్పు" అని కేకలు వినిపిస్తున్నాయి.

"నువ్వాగు" అన్నారు బావతో. "ఊపిరి కావాల్సిన కాడల్లా ఆగు. డోలుకి ఊపిరితో పన్నేదు, నాను సూసుకుంతాను. ఆ రెండో ముడి కాడ మాత్రం అందరం ఆగుదాం, కూసింతసేపు. పిల్ల ఏదైనా అనుకుంటే అనుకుంటాది. రేపట్నించి ఆ గ్రైండింగుకెళ్ళేవంటే మాత్రం కాళ్ళిరగ్గొడతాను."

"మరి ఎవరైనా తుమ్మితేనో?" అన్నాడు బావ.

"తుమ్మనీరా. మనిసన్నాక తుమ్మడేటి?" అని లేచారు. ఇన్నేళ్ళ సిద్ధాంతాన్ని అలా దులిపేసి, పప్పు అయిపోతుందేమోనని గబగబా వెళ్ళిపోయారు. బావ పట్టీ మళ్ళీ మెడలో వేసుకున్నాడు. నేనేదో అనబోతే, "నోర్ముయ్యరా బామ్మర్దీ, కూసింతసేపు" అన్నాడు. మూసుకున్నాను. మొత్తం మీద అది మా మేళం చరిత్రలో రెండో నిశ్శబ్దం.

ఇప్పుడు సబ్బవరం, గాజువాక చుట్టుపక్కల పెళ్ళివాళ్ళు మా బావని పిలిచేటప్పుడు "ఆ ఆపడం ఉంటుంది కదా సాక్సోఫోను గారూ?" అని అడిగి మరీ మాట్లాడుకుంటున్నారు. వర్క్‌షాపు మానేసి ఒక స్కూల్లో పిల్లలకి వాద్యం నేర్పుతున్నాడు. ఆగడం ముందు నేర్పి, ఊదడం తర్వాత నేర్పుతాడట.

నా పెళ్ళి పోయిన వేసవిలో అయింది. వాయించింది వాళ్ళే, నా చోట కీబోర్డుకి ఎవరో కుర్రాణ్ణి పెట్టుకున్నారు. ఆ ఖాళీ వస్తుందని ఆ మండపంలో అందరికన్నా బాగా తెలిసినవాణ్ణి నేను. ఆ కూసింతసేపట్లో పెళ్ళికూతురి చెవిలో అనడానికి ఒక మంచి మాట ముందే తయారుచేసుకున్నాను. ఎన్నోసార్లు దిద్దుకున్నాను, అద్దం ముందు అని చూసుకున్నాను. రెండో ముడి దగ్గర మేళం ఆగింది. తను తలెత్తి చూసింది. ప్రతిదానికీ ఒక మాట అంటించనిదే నిద్రపట్టని నేను నోరు తెరిచాను. మైకులోంచి హాలంతటికీ వినిపించింది నేను మింగిన గుటక. మావయ్య కర్ర దిగింది, మూడో ముడి పడింది, అయిపోయింది.

"ఆ రోజు ఏదో అనబోయావు, ఏంటది?" అని మా ఆవిడ ఇప్పటికీ అడుగుతుంది. అడిగినప్పుడల్లా కొత్త జవాబు చెబుతుంటాను. కొన్ని బాగానే ఉంటున్నాయి కూడా, ఒకటి రెండు విని నవ్వింది. అసలు మాటేమిటంటే, మర్చిపోయాను. తను చూసిన ఆ చూపులో ఎక్కడో పడిపోయింది. అప్పుడప్పుడు స్నానం చేస్తూనో, ఆఫీసులో బొగ్గు బరువులు కొడుతూనో దానికోసం వెతుక్కుంటాను. దొరకదు. గుటక మాత్రం గుర్తుంది. ఆలోచిస్తే, అంత సూటిగా నేను ఇంకెప్పుడూ ఏమీ అన్నట్టు లేదు.